మొక్కజొన్న ఇథనాల్‌తో పర్యావరణానికి మేలు ఉందా?

కృష్ణాతీరం:
ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే పోస్తున్నారు. పొలం నుంచి పొగగొట్టం దాకా లెక్కేస్తే మొక్కజొన్న ఇథనాల్ వల్ల వచ్చే ఉద్గారాలు పెట్రోల్ కంటే 50 శాతం తక్కువని నీతి ఆయోగ్ అంచనా. 2022లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనేమో తగ్గకపోగా కనీసం 24 శాతం ఎక్కువే కావచ్చంది. ఇంత తేడా ఎందుకొచ్చింది?

బండి48:
నా బండి లీటరుకు 48 ఇచ్చేది, ఇప్పుడు 45. ముందు దీనికి జవాబు చెప్పండి.

అయోవాతెలుగు:
నేల సంగతి ఎలా లెక్కేశారన్న దగ్గరే తేడా. ఇక్కడ అమెరికాలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆర్గాన్ లేబొరేటరీ 2021లో 44 నుంచి 52 శాతం తక్కువని తేల్చింది. 2022 పరిశోధన మాత్రం ఇథనాల్ గిరాకీతో కొత్తగా దున్నిన నేలల్ని, పెరిగిన ఎరువుల్ని ఎక్కువగా లెక్కలోకి తెచ్చింది. గడ్డినేల దున్నితే మట్టిలో ఏళ్ళ తరబడి చేరిన కార్బన్ గాల్లో కలుస్తుంది. నత్రజని ఎరువు నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ ఎరువే నైట్రేట్‌గా నీళ్ళలోకీ చేరుతుంది. 2025 జూన్‌లో మా అయోవా నదుల్లో నైట్రేట్ పెరిగి, శుద్ధి చేసిన నీళ్ళు సరిపోక, ఇంటి ముందు పచ్చికకు నీళ్ళు పెట్టొద్దన్నారు. మా పాపకు పాలు కలపడానికి నీళ్ళ సీసాలు కొన్నాం.

పాలేరురైతు:
అన్నా, మేం అడవి కొట్టి వేయట్లేదు. యాసంగిలో వరి మానేసి మొక్కజొన్న వేస్తున్నాం. నీళ్ళు చాలా మిగులుతాయి. ఇథనాల్ వచ్చాకే దీనికి గిరాకీ.

తణుకుకోళ్ళు:
యూరియా మాటేంటి రైతుగారూ?

పాలేరురైతు:
వేస్తాం. మొన్న వానాకాలంలో ఒక్క బస్తా కోసం తెల్లవారకముందే చెప్పులు వరుసలో పెట్టి కూర్చున్నా.

తణుకుకోళ్ళు:
టన్ను మొక్కజొన్నకు 380 లీటర్ల దాకా ఇథనాల్ వస్తుంది. అదే టన్ను నా షెడ్డులో 45 కోళ్ళకు ఏడాది పాటు సరిపోతుంది. గుడ్డుపెట్టే కోడి మేతలో సగానికి పైగా మొక్కజొన్నే. 2024లో ధర పెరిగి ఒక షెడ్డు ఖాళీగా వదిలేశా. తిండిగింజను కాల్చడం పర్యావరణమా?

పాలేరురైతు:
క్వింటా 1,400కు అమ్ముకున్న ఏడాది మా పొలం గురించి ఒక్కరూ అడగలేదు. ధర పెరిగాకే మీకు పర్యావరణం గుర్తొచ్చింది. సుంకం లేకుండా బయటి మొక్కజొన్న తెప్పించమని అడిగింది మీరే కదా!

తణుకుకోళ్ళు:
అడిగాం. నా బాధ ధర గురించే, పొగ గురించి కాదు. బ్యాంకు వాయిదా ఆగదు కదా. మీ బాధ మాత్రం ధర గురించి కాదా?

బండి48:
మైలేజీ సంగతి ఎవరూ చెప్పలేదు.

అయోవాతెలుగు:
లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడోవంతు శక్తి తక్కువ. 20 శాతం కలిస్తే ఆరేడు శాతం తగ్గుతుంది. మీ లెక్క సరిపోయింది.

బండి48:
మరి ఆ మేరకు లీటరు ధర తగ్గించాలి కదా?

కృష్ణాతీరం:
ఆయిల్ కంపెనీలు మొక్కజొన్న ఇథనాల్‌ను 2024-25లో లీటరు 71.86 రూపాయలకు కొన్నాయి. అదేం చవక కాదు. రైతుగారూ, 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,400. మీకెంత వచ్చింది?

పాలేరురైతు:
1,850. తేమ ఉందని తగ్గించారు. ఇథనాల్ ఫ్యాక్టరీకి నేనెప్పుడూ నేరుగా అమ్మలేదు. కల్లం దగ్గరికి వచ్చి కాటా పెట్టేది వ్యాపారే. ఆ ఫ్యాక్టరీలు కూడా కొనడం మానేస్తే మళ్ళీ 1,400కు పడుతుందని నా టెన్షన్. ఇందాకటి నుంచి నేను అరుస్తున్నది దాని గురించే.