కొనకముందు సైకిల్ తొక్కి చూస్తమంటే షాపోళ్ళకు ఏం కష్టం?

ఫాతిమానగర్ బ్రిడ్జి:
అన్నలారా ఒక ముచ్చట తేల్చున్రి. మొన్న గేర్ల సైకిల్ కొందామని హన్మకొండల రెండు షాపులు తిరిగిన, బడ్జెట్ పదిహేను వేల లోపల. రెండు కాడ్ల ఒకటే మాట, స్టాండ్ మీద ఎక్కి కూసొని చూడు, రోడ్డు మీదికి ఇయ్యం, పైసలు కట్టినంక ఎంతనన్న తొక్కు అని. పైసలు కట్టినంక తొక్కితే ఇంక చూసుడేంది? నాది 5 ఫీట్ల 10 ఇంచుల హైటు. నాలుగేండ్ల కింద గిట్లనే తొక్కకుండ కొన్న, 17 ఇంచుల ఫ్రేమ్ అంటగట్టిన్రు, సీటు ఎంత లేపినా మోకాలు సాగలే, రెండు నెలలల్ల మోకాలు చిప్ప కాడ నొప్పి వట్టింది. అది ఇప్పుడు మా మెట్ల కింద దుమ్ము వట్టి ఉన్నది. తొక్కనియ్యని షాపుల కొనొద్దు అని నేనంట, మీరేమంటరు?

సుబేదారి:
నాకు ఇచ్చిన్రు. బండి తాళం కౌంటర్ల పెట్టుమన్నరు, పెట్టి ఒక రౌండ్ కొట్టొచ్చిన.

పానా:
నేను పదకొండేండ్ల సంది సైకిల్ షాపుల పని చేస్తాన్న కాబట్టి చెప్తాన్న. కొత్త టైరు మీద సన్నగ వెంట్రుకల లెక్క రబ్బరు ఉంటది చూడున్రి. ఒక్కడు బజాట్ల రెండు రౌండ్లు కొడితే అది అరుగుతది, టైరుకు మట్టి అంటుతది. ఎనుక వచ్చే గిరాకి ఫస్ట్ చూసేది అదే, "ఇది వాడిన సైకిల్, వెయ్యి తగ్గియ్యి" అంటడు. ఆ వెయ్యి ఎవడు పెట్టుకోవాలె? ఇంకోటి, సైకిల్ డబ్బల వస్తది, హ్యాండిల్, ముందు చక్రం, సీటు, పెడల్లు విడిగ ఉంటయి, అన్ని ఫిట్ చేసి బ్రేకు గేరు సెట్ చేసేసరికి గంట పైననే. తొక్కి చూసినా తెలిసేది తక్కువ. డిస్క్ బ్రేక్ కొత్తల సరిగ పట్టదు, స్పీడ్ల నుంచి ఇరవై సార్లన్న ఆపితేనే ప్యాడ్ డిస్కు కలుస్తయి. గేరు వైరు గూడ కొన్ని వారాలకు సర్దుకొని లూస్ అయితది, మల్ల ట్యూనింగ్ చెయ్యాలె. రెండు నిమిషాలు తొక్కి బ్రేకు బాగలేదని ఎల్లిపోయినోళ్ళను మస్తు మందిని చూసిన.
సైజు కోసమైతే తొక్కుడు అక్కర్లేదు తమ్మి. ఫ్రేమ్ పైపు కాళ్ళ నడుమ పెట్టుకొని నిలవడు, ఇంచు రెండించులు సందు ఉండాలె. ఎనుక సీటు మీద కూసొని, పెడల్ కిందికి ఉన్నప్పుడు దాని మీద మడిమ పెడితే మోకాలు చక్కగ సాగాలె, అంతే.

ఫాతిమానగర్ బ్రిడ్జి:
కాళ్ళ లెక్క చెప్పినవు, చేతుల లెక్క? హ్యాండిల్ ఎంత దూరం ఉన్నది, నడుం ఎంత వంగాలె, మెడ గుంజుతదా అనేది స్టాండ్ మీద తెల్వది. గేరు గాలిల తిరిగినప్పుడు మంచిగనే పడ్తది, మా బ్రిడ్జి ఎక్కేటప్పుడు బరువు పడితే టకటక కొట్టుకుంటది. టైరు వెంట్రుకలకు నా మోకాలుకు ఏం సంబంధమో నాకైతే సమజ్ కాలే. ఒక సైకిల్ తొక్కి చూసెతందుకు పక్కకు పెట్టుకోరాదు?

పానా:
ఒక్కటి పెడితే సరిపోతదా? సైజుకొకటి, మోడల్‌కొకటి, పది సైకిల్లు పక్కకు పెట్టాలె. వెంట్రుకల ముచ్చట చిన్నది కాదు, రోజు మేం పడే బేరం అది.

మట్టెవాడ:
వెంట్రుకల మీద పడ్డరేంది ఇద్దరు. సైకిల్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం అయింది, అది చూసుకొని బిల్లుతోని కొనున్రి.

వడ్డేపల్లి కట్ట:
నాది వేరే బాధ. మా బిడ్డ ఇంటర్ల చేరింది, కాలేజీకి సైకిల్ కావాల్నంటే తీసుకపోయిన. తొక్కి చూస్తదంటే "ఆడపిల్లకు తొక్కి చూసుడెందుకమ్మా, కలర్ చూస్కో" అన్నడు. తొక్కేది అదే కదా.

పానా:
అక్కా అది తప్పే. గాని అసలు ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. ఇక్కడ తొక్కి, సైజు మమ్ముల అడిగి రాసుకొని, ఆన్‌లైన్ల ఆర్డర్ పెడ్తరు. డబ్బ వచ్చినంక ఫిట్టింగ్ మల్ల మా దగ్గరికే. ఎడమ పెడల్ ఉల్టా తిప్పాలె అని తెల్వక బలంగ తిప్పి చుట్లు ఖరాబ్ చేసుకొని తెస్తరు, మేం చేసినట్టే మా మీదికి లేస్తరు. బ్రిడ్జి తమ్మి, నువ్వు గూడ గదే బాపతు అనుకుంటాన్న.

ఫాతిమానగర్ బ్రిడ్జి:
మాట జాగ్రత్త. నేను ఆన్‌లైన్ల సైకిల్ ఏనాడు కొనలే. రెండో షాపుల నన్ను వద్దన్నంక పది నిమిషాలకు కారు దిగి ఒకాయన వచ్చిండు, ఆయన అడగకముందే సైకిల్ బయటికి తీసి, గాలి కొట్టి, "సార్ ఒక రౌండ్ ఏస్కోండి" అన్నరు. నేను ఆడనే నిలవడ్డ. డ్యూటీ దిగి సీదా పోయిన, అంగికి గ్రీజు మరకలు ఉన్నయి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. జేబుల పన్నెండు వేలు ఉన్నయి, అది వాళ్ళకేం ఎరుక. టైరు వెంట్రుకలు ఆయన తొక్కితే అరగవా? రూలు ఉంటే అందరికి ఉండాలె. చెప్పు నువ్వు, మీ షాపుల ముఖం చూడకుండ ఇస్తవా?

సుబేదారి:
అరే గింత కడుపుల పెట్టుకొని వెంట్రుకల దగ్గర కొట్లాడిన్రా.

పానా:
రాత్రి సంది ఆలోచిస్తాన్న. అబద్ధం చెప్ప. చూస్త. రెండేండ్ల కింద ఒక పిల్లగాడు 17 వేల సైకిల్ ఎక్కి మూల మలిగిండు, మల్ల రాలే. కౌంటర్ల ఉన్నది నేను. ఓనర్ ఐదు నెలలు నా జీతంల కోసిండు, ఆ ఏడు పిల్లల ఫీజు అప్పు చేసి కట్టిన. అప్పటి సంది మనిషిని చూసే ఇస్తాన్న. ఆ పిల్లగాడు టక్ చేసుకొని బూట్లేసుకొని వచ్చిండు, అది గూడ చెప్తాన్న.

ఫాతిమానగర్ బ్రిడ్జి:
నీ జీతంల కోసుడు అన్యాయం అన్నా, అది నేనొప్పుకుంట. మరి బట్టలు చూస్తే ఏం తెలిసింది? సుబేదారి చెప్పినట్టు అందరి దగ్గర తాళం పెట్టుకోరాదు.

పానా:
బండి ఉన్నోడు తాళం పెడ్తడు. బండి లేకనే సైకిల్ కొననీకి వచ్చినోడు ఏం పెడ్తడు?

వడ్డేపల్లి కట్ట:
పక్కన షాపు మనిషిని నడిపియ్యున్రి. గల్లీల రెండు రౌండ్లకు ఎంతసేపు పడ్తది.

పానా:
షాపుల ఇద్దరమే ఉంటం అక్కా, ఐతారం ఒక్కన్నే. పొద్దుగాల గిరాకి లేనప్పుడు వస్తే ఎంట నడుస్త. అది నా చేతుల ఉన్నది, తాళం లేకున్నా ఇస్త. ఓనర్‌కు ఏం చెప్పాల్నో నేను చూసుకుంట.

ఫాతిమానగర్ బ్రిడ్జి:
ఏ షాపో మెసేజ్ పెట్టు. శుక్రవారం నాది నైట్ డ్యూటీ, పొద్దుగాల దిగి అదే అంగితోని వస్త.

కొత్త మెంబర్:
బ్రిడ్జి అన్నా, మీ మెట్ల కింద ఉన్న 17 ఇంచుల ఫ్రేమ్ అమ్ముతరా? నా హైటు 5 ఫీట్ల 5 ఇంచులు.

ఫాతిమానగర్ బ్రిడ్జి:
అమ్ముత తమ్మి. గాలి కొట్టిపెడ్త, వచ్చి బ్రిడ్జి దాక తొక్కి చూడు, మోకాలుకు మంచిగుంటేనే తీస్కో.