తెలుగు తెలిసిన మనస్తత్వ నిపుణులను కోరవచ్చా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పదిహేడేళ్ల మా మేనల్లుడు చదివింది పక్కనే పాతపట్నంలో, తెలుగు మాధ్యమంలో. ఇప్పుడు వాడిపై ఘోర నేరారోపణ ఉంది. ఘోర నేరారోపణ ఉన్న, 16 ఏళ్లు నిండిన పిల్లలను పెద్దవారిగా విచారించాలా అని తేల్చేముందు, 2015 నాటి బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం బాలల న్యాయ బోర్డు వారి మానసిక సామర్థ్యాన్ని అంచనా వేయాలి. బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రం తెలిసినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

నిపుణులు ఒడియాలో అడుగుతుంటే మావాడు చొక్కా గుండీ తిప్పుకుంటూ ప్రతిదానికీ తల ఊపాడట. ఆ తల ఊపును చూసి అన్నీ తెలిసే చేశాడని రాస్తారేమోనని మా అక్కకు కంటిమీద కునుకు లేదు. తెలుగు వచ్చిన నిపుణులను, కనీసం దుబాసీని ఇప్పించమని బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చా? అంచనాకు గడువు 3 నెలలే కనుక, ఇటువంటి కేసులు నడిపిన న్యాయవాదులు దయచేసి త్వరగా దారి చూపగలరు.