కంపాషన్‌కు తెలుగు మాట ఏది: కరుణా, అనుకంపా?

పదశోధి:
కంపాషన్‌కి నిఘంటువులు జాలి, దయ, కరుణ, కనికరం అన్నీ ఇచ్చేస్తాయి. నా ఓటు అనుకంపకి. లాటిన్‌లో కోమ్ అంటే తోడు, పతీ అంటే బాధ భరించడం. పేషెంట్, ప్యాషన్ కూడా ఆ ధాతువు పిల్లలే. అను+కంప్ అన్నా అంతే: ఎదుటివాడు వణికితే వెంట మనమూ వణకడం.

పాతపుస్తకం:
కంపాషన్‌లో కంప వినిపించి కాదు కదా! తెలుగువాడికి కంప అంటే ముందు తట్టేది ముళ్లకంపే.
ధాతువు పట్టుకుని అర్థం తేల్చకండి. దయ్‌కి ధాతుపాఠం (సంస్కృత ధాతువుల పట్టిక) దానం, గతి, రక్షణ, హింస, ఆదానం (తీసుకోవడం) అని అయిదు అర్థాలు చెప్పింది. హింస ఉందని దయను వదిలేస్తామా? అమరకోశం కరుణ, ఘృణ, కృప, దయ, అనుకంప అన్నిటినీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. ఆ ఘృణే హిందీలో ఇప్పుడు అసహ్యం.
వణుకే కావాలంటే కరుణలోనూ ఉంది. పరుల దుఃఖానికి సజ్జనుల గుండెను కంపింపజేసేది కరుణ అని విశుద్ధిమగ్గం అనే పాళీ బౌద్ధ గ్రంథంలో వ్యాఖ్యాత బుద్ధఘోషుడి మాట.

పదశోధి:
అది వ్యాఖ్యాత అల్లిక, వ్యుత్పత్తి కాదండీ. అదే చోట కరుణకు ఇంకో రెండు వివరణలూ ఇచ్చాడు.

పాతపుస్తకం:
సరే. కానీ కరుణకు దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు లౌకికమైన దిగులు (దౌర్మనస్యం) అని కూడా అక్కడే ఉంది. దగ్గరి శత్రువంటే కరుణలాగే కనిపించి దాన్ని చెడగొట్టేది. తోడుగా ఏడుస్తూ కూర్చోవడం కరుణ కాదన్నమాట. మీ లాటిన్ లెక్క అక్కడే తప్పుతోంది.

ఇరుసు:
ఇద్దరూ కడుపును మరిచారు. మత్తయి 9:36లో మన బైబిలు 'కనికరపడి' అన్నచోట గ్రీకు క్రియ పేగుల్ని చెప్పే మాట నుంచి పుట్టింది. హీబ్రూలో కనికరానికి వాడే రహమీమ్, గర్భాన్ని చెప్పే రెహెమ్‌కి చుట్టం. కడుపు తరుక్కుపోయిందని మనం అనేదీ ఇదే.
అనువదించేటప్పుడు వ్యుత్పత్తి కన్నా క్రియ చూడండి. కరుణించేవాడు ఎప్పుడూ పైమెట్టు మీదే ఉంటాడు. నర్సుల పాఠంలో 'రోగులను కరుణించాలి' అని రాస్తే నర్సు దేవతైపోతుంది. 'రోగి బాధ గ్రహించి ఆదుకోవాలి' అంటే చాలు. కరుణరసాన్ని ఇంగ్లీషులో కంపాషన్ అనడం ఇంకా పొరపాటు, దాని స్థాయిభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, శోకం. కారుణ్య నియామకం స్థిరపడిపోయింది, ముట్టుకోవద్దు. తమాషా ఏమిటంటే హిందీలో అది అనుకంపా నియుక్తి!

పదశోధి:
బౌద్ధ గ్రంథాలకూ ఆఫీసు ఉత్తర్వులకూ కరుణ, కారుణ్యం ఒప్పుకుంటాను. నవలలో ఇద్దరు స్నేహితుల మధ్య వస్తే మాత్రం అనుకంపే రాస్తాను.

ఇరుసు:
రాయండి. 'అనుకంప చూపాడు' అని మాత్రం వద్దు. చూపాడు అనగానే మళ్లీ పైమెట్టు ఎక్కేస్తాడు.