ఈ వారం సమస్య: చేతగానివాని చేయి తిరిగె

కొత్తపేట మాస్టారు: అందరికీ నమస్కారం. ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి. 1870లో తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు పుట్టిన కడియం మనకి దగ్గరే, ఆ మాట గుర్తుపెట్టుకుని గణాలు, అంటే గురువు లఘువుల గుంపులు, చూసుకుని మరీ పెట్టండి. ఇంకోటి, చేతగానివాడికీ చేతికీ చుట్టరికం లేదు. రాయు రాత, కోయు కోత, మేయు మేత, అలాగే చేయు చేత. చెయ్యి వేరు, చేత వేరు. మెలిక అక్కడే ఉంది.

ఆత్రేయపురం అల్లుడు: నా సొంత కథేనండి.

అత్తవారి యింట నాత్రేయపురమున
వేడి కుండ తగిలి వేలు కాలె
వంద చినిగి పిదప వచ్చెను పలుచగ
చేతగానివాని చేయి తిరిగె

కొత్తపేట మాస్టారు: గణాలూ, పాదం మొదటి అక్షరానికి జోడీ కుదిరే యతులూ శుభ్రంగా ఉన్నాయి. కానీ చినిగిందేంటి, వచ్చిందేంటి? పూతరేకు మీద పద్యం రాసి అందులో రేకన్న మాటే లేకపోతే ఎలాగండీ! పైగా ‘చినిగి పిదప’ కుదరదు, ‘చినిగిన పిదప’ అనాలి. ‘వంద రేకు లతుక వచ్చెను పలుచగ’ అంటే రెండు తప్పులూ పోతాయి.

ఆత్రేయపురం అల్లుడు: మార్చేశానండి. ఆ కుండ ముందు కూర్చుంటే తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, నీళ్లలా జారే బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, దాన్ని కుండ మీద ఒక్క లాగు లాగాలి. తడబడ్డామా, రేకు కుండకే అతుక్కుపోతుంది. 2023లో మా ఊరి పూతరేకులకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక చుట్టాలందరూ ఎలా చేస్తారో చూపించమంటున్నారు, నాకు అదో టెన్షన్. మా అత్తగారు మాత్రం ఒక్కనాడూ నన్ను చేతకానివాడనలేదు, ‘అబ్బాయికి ఇంకా రాదు’ అనేవారు.

అమలాపురం అక్కయ్య: ఆ తేడా పట్టుకున్నారు చూడండి, అదే అసలు సంగతి. రాదంటే నేర్చుకోలేదని, రేపు రావచ్చు. చేతకాదంటే తలుపు మూసేసినట్టే. చేవలేదంటే మరీ ఘోరం, చేవంటే మాను లోపలి గట్టి కర్ర కదా, అది లేని దుంగ దూలానికి పనికిరాదు. ఇక నా పూరణ, కాస్త అల్లరిగా:

కొబ్బరికయి యెక్కి కూలెను నడుమనె
పట్టు తప్పి నేల పడిన వేళ
ఎక్కనేల యనుచు నేడ్చె నిల్లాలును
చేతగానివాని చేయి తిరిగె

కొత్తపేట మాస్టారు: నవ్వొచ్చిందమ్మా. అయితే మనవైపు పడితే చెయ్యి బెణికిందంటాం, మెలి తిరిగిందంటాం, ఉత్తినే తిరిగిందనడం కొంచెం లాగినట్టుంది. సమస్య కోసం ఊరుకుంటాను. మూడో పాదం మాత్రం భలే ఉంది.

బండార్లంక చెల్లాయి: నాదీ చూడండి మాస్టారూ.

చవట శుంఠ మొద్దు సన్నాసి దద్దమ్మ
అన్న నోటితోనె యయ్య యనిరి
మగ్గమెక్కి నేసె మంచుపొరల చీర
చేతగానివాని చేయి తిరిగె

కొత్తపేట మాస్టారు: మొదటి పాదంలో ఐదు తిట్లు ఐదు గణాల్లో కూర్చున్నాయి, చకారానికి సకారం యతి కూడా సరిపోయింది! వాజమ్మ ఒక్కడే బయట మిగిలిపోయాడు, వాడికీ చోటుంటే బాగుండేది.

అమలాపురం అక్కయ్య: అన్నీ బావున్నాయి గానీ చెల్లాయ్, గుంట మగ్గం ఎక్కుతారా? కాళ్లు గుంటలోకి దించి గట్టు మీద కూర్చోవడమే కదా.

బండార్లంక చెల్లాయి: అయ్యో, మా ఇంట్లో ఉన్నదే గుంట మగ్గం! మా నాన్నగారు చదివితే ఇంకేమన్నా ఉందా. ‘మగ్గమందు నేసె’ అని మార్చుకుంటానక్కా.

రావులపాలెం కుర్రాడు: నేను కొత్తండి. ‘గోదారి గట్టు మీద’ అని మొదలెట్టాను, ముందుకెళ్లట్లేదు.

కొత్తపేట మాస్టారు: ఎలా వెళ్తుంది నాయనా, గోదారంటే మొదటే రెండు గురువులు, అంటే దీర్ఘంగా పలికేవి. అది ఇంద్రగణం, పాదం మొదట్లో ఉండాల్సిన సూర్యగణం కాదు, దాన్ని ఒకటో పాదంలోనో మూడో పాదంలోనో నాలుగో చోటో ఐదో చోటో పెట్టుకోవాలి. మొదట్లో కావాలంటే ‘గౌతమీతటాన’ అను, మూడు సూర్యగణాలు ఒక్క మాటలో వచ్చేస్తాయి.

రావులపాలెం కుర్రాడు: అయితే ఇలాగండి, రెండు పాదాలే అయ్యాయి:

గౌతమీతటాన గాలమ్ము వేసితి
పులస కాదు చిక్కె బురద పాము

కొత్తపేట మాస్టారు: పులస గాలానికి పడే చేప కాదురా అబ్బాయ్, వలకి పడేది. ‘గట్టిగా వలవేసి’ అను, గణాలు సరిపోతాయి.

రావులపాలెం కుర్రాడు: మరి బురదపాము వలలో పడుతుందాండి?

కొత్తపేట మాస్టారు: పడుతుంది. మూడో పాదం రాయి ముందు.