కుక్కపిల్ల పిల్లి జోలికి పోకుండా ఎలా నేర్పాలి?

ప్రశ్న:
బెంగళూరు మారతహళ్ళిలో రెండు పడకగదుల ఫ్లాటులో ఉంటున్నాము. ఆరేళ్ళుగా మా దగ్గర ఒక పిల్లి ఉంది. పోయిన వారం 10 వారాల దేశవాళీ కుక్కపిల్లను తెచ్చుకున్నాము. పిల్లి కనబడితే చాలు కుక్కపిల్ల వెంటపడుతూ ఉండడంతో, పిల్లి ఫ్రిజ్ మీదికెక్కి తిండికి కూడా దిగడం లేదు. ఏమి చేయమంటారు?

మొదటి జవాబు:
ముందు పిల్లికి ఒక గది పూర్తిగా వదిలేయండి. నీళ్ళు, తిండి, లిట్టర్ ట్రే (పిల్లి మలవిసర్జన చేసే ఇసుక పళ్ళెం) అక్కడే ఉండాలి. ఆ ట్రే కుక్కపిల్లలకు ఫలహారశాల వంటిది, అందులోది తినేస్తాయి, జాగ్రత్త. నాలుగైదు రోజులు రెండింటి పక్కగుడ్డలనూ మార్చి వేస్తే, కంటబడకముందే ఒకదాని వాసన మరొకదానికి అలవాటవుతుంది. తరువాత కుక్కపిల్లకు పట్టీ (మీరు చేత పట్టుకునే తాడు) కట్టి దూరంగా కూర్చోబెట్టి, అది పిల్లిని చూసి కూడా గుంజకుండా మీ వైపు తల తిప్పిన క్షణంలోనే, ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్క పెట్టండి. గుంజిన తరువాత పెడితే అది నేర్చుకునేది గుంజడమే.

రెండవ జవాబు:
కుక్కపిల్లను కొట్టకండి, పిల్లి కనబడినప్పుడల్లా దెబ్బ పడితే దానికి పిల్లి మీదే కక్ష పెరుగుతుంది. మా ఇంట్లో పిల్లి పంజా విసిరితే కుక్కపిల్ల కనుగుడ్డు మీద గీత పడి, రెండు వారాలు చుక్కల మందు వేయవలసి వచ్చింది. వాటి తగవు అవే తీర్చుకుంటాయన్న మాటను అప్పటి నుంచి నేను నమ్మను.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. ఈ రోజు పిల్లి గదిలో తిన్నది. పట్టీ ఎన్నాళ్ళు కట్టాలి?

మొదటి జవాబిచ్చినవారు:
పిల్లి పరుగెత్తినా కుక్కపిల్ల కదలకుండా ఉండే వరకు. మీరు ఇంట్లో లేనప్పుడు మాత్రం వేరువేరు గదులే.