ముద్ద కోన్‌ఫ్లవరా, ఒంటిరెక్క కోన్‌ఫ్లవరా?

మట్టిచేతులు: ఇంటి ముందు మంచి ఎండ పడే చిన్న జాగా ఉంది. కోన్‌ఫ్లవర్ (ఎకినేసియా పూలమొక్క) వేద్దామని నర్సరీకి వెళితే రెండు రకాలు చూపించారు. ఒకటి చుట్టూ ఒకే వరుస రెక్కలున్న ఊదారంగు ఒంటిరెక్కది, ఇంకొకటి ముద్దబంతిలా ఒత్తుగా విచ్చుకున్న నారింజరంగుది. నా చూపంతా ముద్దదాని మీదే. పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన మాత్రం ‘అది నాటడమంటే తేనెటీగలను భోజనానికి పిలిచి ఖాళీ విస్తరి వేయడమే’ అన్నారు. నిజమేనా?

పచ్చికబయలు: ఆయన సరిగ్గా చెప్పారు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిన్న పూల గుంపు. చుట్టూ వేలాడే ఊదా రెక్కలు గొడ్డు పూలు, గింజ కట్టవు. పురుగులను దూరం నుంచి రప్పించడమే వాటి పని. భోజనమంతా నడుమ ఉన్న ముళ్ళ దిమ్మెలోనే. అక్కడి పూలు అంచున మొదలై వరుస తరువాత వరుసగా పైకి విచ్చుకుంటాయి. పుప్పొడి ఉంగరం ఒకటి దిమ్మెను మెల్లగా ఎక్కుతున్నట్టు ఉంటుంది. ముద్ద రకంలో ఆ నడిమి పూలే రెక్కలుగా మారిపోతాయి. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలోని మౌంట్ క్యూబా సెంటర్ అనే ఉద్యానవనం వారు 2018 నుంచి 2020 వరకు రకరకాల కోన్‌ఫ్లవర్లను పక్కపక్కన పెంచి, దేని మీద ఎన్ని పురుగులు వాలుతున్నాయో లెక్క చూశారు. ముద్దవి బాగా వెనకబడ్డాయి. ఇక చర్చ దేనికి?

విరిజల్లు: దేనికంటే, మా పెరట్లో ముద్దదాని మీద తుమ్మెద వాలింది కనుక. నా కళ్ళతో చూశాను. ఫొటో కూడా ఉంది.

పచ్చికబయలు: వాలడం వేరు, తినడం వేరు.

విరిజల్లు: తుమ్మెదను అడిగారా?

కుందేళ్ళబాధితుడు: మా ఇంటి కుందేళ్ళకు ఈ పట్టింపు లేదు. రెండు రకాలనూ మొదలంటా కొరికేస్తాయి.

తెల్లకాగితం: కోన్‌ఫ్లవర్ అంటే శంఖుపువ్వు తీగే కదా? ముద్ద నీలం రకం మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది, దానికి తేనెటీగలు బాగానే వచ్చేవి.

మట్టిచేతులు: అది వేరండీ. ఇది తీగ కాదు, ఎకినేసియా.

నడివేసవి: మధ్యలో నా సందేహం ఒకటి. మా ఒంటిరెక్క మొక్కకు ఈసారి పచ్చటి పువ్వు వచ్చింది. దిమ్మెలోంచి చిన్న చిన్న ఆకుల పిలకలు లేచాయి. కొత్త ముద్ద రకం పుట్టిందేమో అని మురిసిపోతున్నాం.

పచ్చికబయలు: మురిసిపోకండి. చూడబోతే ఆస్టర్ ఎల్లోస్ తెగులులా ఉంది. ఆకుల రసం పీల్చే పచ్చదోమ జాతి పురుగుల వల్ల వ్యాపిస్తుంది, మందు లేదు. వేరుతో సహా పీకేయండి, ఈరోజే.

విరిజల్లు: చూశారా, ఎవరి సంతోషమైనా ఈయనకు తెగులులాగే కనిపిస్తుంది! పచ్చికబయలు గారూ, మీరు నాటింది ఇక్కడి ‘అడవి రకం’ అంటారు కదా, దాని పేరు చెప్పండి. నిరుడు మీరే రాశారు, మాగ్నస్ అని. స్వీడన్ నర్సరీ మనిషి మాగ్నస్ నిల్సన్ రెక్కలు కిందికి వాలని మొక్కలను ఏరి ఏరి తయారు చేసిన రకం అది. 1998లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ఎంపికైంది. అడవి ఎక్కడ ఇందులో?

పచ్చికబయలు: ఏరడం వేరు, సంకరం చేయడం వేరు. నారింజ రంగు మామూలు ఊదా కోన్‌ఫ్లవర్ జాతికి, అంటే పర్‌ప్యూరియాకు, దానంతట అదే రాదు. అమెరికా నడిమి ప్రాంతంలోని ఓజార్క్ కొండల పసుపు జాతి పారడాక్సాతో కలిపితే వచ్చింది. మాగ్నస్ దిమ్మె చెక్కుచెదరలేదు, అది ముఖ్యం.

విరిజల్లు: దిమ్మె సంగతి నేను అడగలేదు. అది అక్కడి అడవి మొక్కేనా అని అడిగాను. మీరుండేది మసాచుసెట్స్. అది ఉన్న ఈశాన్య ప్రాంతం న్యూ ఇంగ్లండ్‌లో పర్‌ప్యూరియా సహజంగా లేనే లేదు, పడమటి నుంచి తెచ్చి నాటినదే. మీ పెరట్లో అదీ నాలాగే వలస వచ్చిందే.

కుందేళ్ళబాధితుడు: మీలాగే కూడా, పచ్చికబయలు గారూ.

పచ్చికబయలు: వలస మాట తేలిక చేయకండి. టెనెసీ కోన్‌ఫ్లవర్ నాష్‌విల్ చుట్టుపక్కల పలచటి సున్నపురాతి నేలల్లో తప్ప ఇంకెక్కడా అడవి మొక్కగా లేదు. 1979లో అంతరించే జాతుల పట్టికలో చేరింది. ఆ నేలలను కాపాడితేనే 2011లో బయటపడింది. ముద్ద పూలు కొని ఫొటోలు పెట్టేవారికి ఇవి పట్టవు.

విరిజల్లు: ఇప్పుడు బయటపడ్డారు. రెండేళ్ళ క్రితం నా ఫొటో కింద ‘ప్లాస్టిక్ పూలు’ అని రాసింది మీరే. ఆ ఏడాది నేను ఆస్పత్రి నుంచి వచ్చి కిటికీ దగ్గర మంచం మీదే ఉన్నాను, కనబడినవి ఆ మూడు పూలే. తోట అన్నాక చూడడానికి ముచ్చటగా ఉండాలి. అన్నీ ఎవరికో ఒకరికి ఆహారం కావాలా?

పచ్చికబయలు: ఆ సంగతి నాకు తెలియదు. అలా రాసి ఉండవలసింది కాదు.
కానీ ఆ మాట, ‘చూడడానికి ముచ్చటగా’, అచ్చంగా అదే మా కాలనీ సంఘం నాకు పంపిన ఉత్తరంలో ఉంది. ఎండిన దిమ్మెలను చలికాలమంతా ఉంచుతాను, గోల్డ్‌ఫించ్ పిట్టలు గింజలు తింటాయని. వారంలో కొట్టేయాలి, లేకపోతే జరిమానా అన్నారు. అక్టోబరులో కొట్టేశాను. మర్నాడు పొద్దున రెండు పిట్టలు వచ్చి మోడుల మీద వాలి, ఒకటి తలకిందులుగా వేలాడి కింద వెతికింది. అప్పటి నుంచి ముద్దపూలు కనిపిస్తే నాకు ఆ ఉత్తరమే గుర్తుకొస్తుంది. మీ మీద కోపం కాదు.

మట్టిచేతులు: నేను అడిగింది ఒక్క మొక్క గురించే...

విరిజల్లు: ఆ ఉత్తరంలో పెరటి గురించి కూడా ఉందా, ఇంటి ముందుకేనా?

పచ్చికబయలు: వీధిలోంచి కనిపించే భాగం అని ఉంది.

విరిజల్లు: అయితే పెరట్లో కంచె వారకు మార్చండి. పర్‌ప్యూరియా వేళ్ళు పీచులా ఉంటాయి, అంగుస్టిఫోలియా అనే ఇంకో కోన్‌ఫ్లవర్ జాతికిలా లోతుగా దిగే తల్లివేరు కాదు. దుబ్బు తవ్వి విడదీసినా బతుకుతుంది, చిగుళ్ళు లేచే ముందు చేయండి. గింజలు కావాలంటే మా ఒంటిరెక్కవి పంపుతాను. ఉన్నాయి, మీరు ఎప్పుడూ అడగలేదు.

పచ్చికబయలు: పంపండి.

విరిజల్లు: మాగ్నస్ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను.