'అంటారు' అనాలా, 'అనేవారు' అనాలా?

ప్రశ్న:
మొన్న స్నేహితురాలి నాన్నగారి అంత్యక్రియలకు వెళ్లాను. వచ్చినవాళ్లతో మాట్లాడుతూ తను "మా నాన్న ఎప్పుడూ ఇదే అంటారు" అంది. పక్కనున్న పెద్దాయన "అనేవారు అనాలమ్మా" అని మెల్లగా సరిదిద్దారు. తను ఆ మాట అనలేక, చెప్పేది మధ్యలోనే వదిలేసింది. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇంటికొచ్చాక అనుమానమూ వచ్చింది. మా అమ్మ పోయి చాలా కాలమైంది. నేను ఇప్పటికీ ఒకసారి "అమ్మ అంటుంది" అంటాను, ఇంకోసారి "అనేది" అంటాను. ఇప్పుడు అమ్మ గురించి నాలుగు మాటలు రాయాలి. పోయినవాళ్ల గురించి "అంటారు" అనడం వ్యాకరణం ప్రకారం తప్పా?

జవాబు:
తప్పే కదండీ. మనిషే లేనప్పుడు ఎలా అంటారు? భూతకాలమే వాడాలి.

ఇంకొకరు:
భూతకాలమే కావాలంటే "అన్నారు" ఉంది కదా. "అనేవారు"లో భూతకాలం ఎక్కడుందో చూపించండి, చూద్దాం.

విడదీస్తే అనే + వారు, అంతే. "ఇది తప్పు అనేవారు చేతులెత్తండి" అంటే ఇప్పుడు అంటున్నవాళ్లే ఎత్తుతారు, ఒకప్పుడు అని మానేసినవాళ్లు కాదు. దీని పాత రూపం "అనెడివారు". బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఇలాంటి రూపాలను తద్ధర్మార్థకాలు అన్నాడు. నిన్న, నేడు, రేపు అన్న లెక్క లేకుండా స్వభావాన్ని చెప్పేవి అన్నమాట. పోతన "పలికించెడివాడు రామభద్రుండట" అన్నది, ఒకప్పుడు పలికించి మానేసినవాడి గురించి కాదు. గజేంద్రుడు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని సందేహపడతాడు చూడండి, ఆ "అనెడివాడు" మన "అనేవాడే". అక్కడ అర్థం, ఉన్నాడు ఉన్నాడని అందరూ చెప్పుకునేవాడు అని. అదీ భూతకాలం కాదు.

నమ్మకం కుదరకపోతే వ్యతిరేకార్థంలో పెట్టి చూడండి. "అన్నారు"కి "అనలేదు". "అంటారు"కి "అనరు". "అనేవారు"కి మాత్రం "అనేవారు కాదు". ఈ "కాదు" ఎక్కడిది? "ఆయన డాక్టరు కాదు" అనే వాక్యంలోదే. అలాగే "నేను మంచివాణ్ణి", "నేను అనేవాణ్ణి". ఆడవాళ్లయితే "మంచిదాన్ని", "అనేదాన్ని". అంటే "మా నాన్న అనేవారు" అనే వాక్యం కట్టుబడిలో "మా నాన్న మాస్టారు" లాంటిదే. ఆయన ఏం చేశారో కాదు, ఎలాంటివారో చెప్పే వాక్యం. భూతకాలం అన్న అర్థం వాడుకలో వచ్చి చేరింది, రూపంలో లేదు.

పైగా ఆ వాడుకలో కూడా ముగిసింది అలవాటే, మనిషి కాదు. "చిన్నప్పుడు నాన్న తెగ కోప్పడేవారు, ఇప్పుడు ఒక్క మాట అనరు" అని నాన్న ఎదురుగా కూర్చునుండగానే అంటాం కదా.

ఇక "అంటారు" సంగతి. వేమన పోయి వందల ఏళ్లయింది. అయినా "వేమన ఏమంటాడంటే" అనే మొదలుపెడతాం. "వేమన అనేవాడు" అని ఎవరైనా అంటే, వేమన ఈయన పక్కింట్లో ఉండేవాడా అని నవ్వుకుంటాం. మాట నిలిచి ఉంటే "అంటాడు". మనిషి అలవాటు గుర్తొస్తే "అనేవాడు". మీ స్నేహితురాలు నాన్నగారి మాట చెబుతోంది, కాబట్టి తప్పు లేదు. ఉన్నా సరే, అంత్యక్రియల దగ్గర వ్యాకరణం దిద్దడమేమిటండీ?

మొదట జవాబిచ్చినవారు:
"కాదు" లాజిక్ బాగుంది, ఒప్పుకుంటాను. పనిలో పని, పేరు ముందు రాసే "కీ.శే." గురించి కూడా చెప్పండి.

పై వివరణ రాసినవారు:
కీర్తిశేషులు, బహువ్రీహి సమాసం. కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవారు. దివంగతులంటే స్వర్గానికి వెళ్లినవారు. రెండింటిలో ఒకటి చాలు. "కీ.శే. దివంగత" అని రెండూ తగిలిస్తున్నారు, అదెందుకో మరి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ, టెన్షన్ తీరింది. అమ్మ గురించి ఇలా మొదలుపెట్టాను: "మా అమ్మగారు మృదుభాషిణిగా ఉండేవారు. లెక్కలలో వారికి మంచి ప్రావీణ్యం ఉండేది. గుమ్మం దగ్గర 'వెళ్తున్నా' అంటే 'వెళ్లొస్తానను' అని వారు సరిచేసేవారు." ఏదో తేడాగా ఉంది. ఎక్కడో తెలియడం లేదు.

పై వివరణ రాసినవారు:
మీరు అమ్మను "అమ్మగారూ, మీరు" అని పిలిచేవారా?

ప్రశ్న అడిగినవారు:
లేదండీ. "అమ్మా, నువ్వు" అనేదాన్ని.

పై వివరణ రాసినవారు:
మరి ఈ "వారు" ఎవరండీ? మనిషి పోగానే చాలామంది ఇదే చేస్తారు. నిన్నటిదాకా "అమ్మ వచ్చింది, అమ్మ తిట్టింది" అన్నవాళ్లు సంస్మరణ అనేసరికి "మా మాతృమూర్తి" దగ్గర మొదలుపెడతారు. అది చదివితే ఆవిడే తనని గుర్తుపట్టదు. నాన్నని మొదట్నుంచీ "మీరు" అన్నవాళ్లు "అనేవారు" రాస్తే సహజంగా ఉంటుంది. మీ ఇంట్లో లేని గౌరవ బహువచనం ఇప్పుడు తెచ్చిపెట్టుకోకండి.

రెండోది, ప్రతి వాక్యానికీ "ఉండేది" తగిలించక్కర్లేదు. తెలుగులో క్రియ లేకుండా కూడా వాక్యం నిలబడుతుంది, కాలం బెడద ఉండదు. నేనైతే ఇలా రాస్తాను: "మా అమ్మది సన్నని గొంతు. లెక్కల్లో దిట్ట. గుమ్మం దగ్గర 'వెళ్తున్నా' అంటే చాలు, 'వెళ్లొస్తానను' అనేది." మొదటి రెండు వాక్యాల్లో క్రియే లేదు. మూడోదాంట్లో "అనేది" ఉండాలి. అది ఆవిడ అలవాటు కదా.

మృదుభాషిణి మాత్రం తీసేయండి. లెక్కల దగ్గర మిమ్మల్ని ఒక్కసారైనా తిట్టే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఒక్కసారా! తీసేశాను.